జాజ్ సంగీతమున గిటారు

మన సంగీతమున రాగమే ప్రాణము. గాయకుడు ఒక్కొక్క స్వరమును పలికించుచు రాగమును పెంచును. వెనుకనున్న తంబురా శ్రుతి మారదు. అమెరికాలో నల్లజాతి ప్రజలు పెంచిన జాజ్ సంగీతమున పద్ధతి వేరు. అందు పాట వెనుక మూడు నాలుగు స్వరములను గుత్తిగా కలిపి ఒక్కమారు మ్రోయింతురు. దానిని కార్డ్ అందురు. పాట సాగినకొలది ఈ గుత్తులు మారుచుండును. ఆ మార్పుల వరుసయే వాద్యకారునకు బాట.

ఇట్టి బాటలలో పేరుపడినవి కొన్నియే. నాలుగేసి అక్షరముల ఆవర్తములు పండ్రెండు గల బ్లూస్ వరుస యొకటి. 1930లో జార్జి గెర్ష్విన్ కూర్చిన 'ఐ గాట్ రిథమ్' వరుస మరియొకటి. దానిపైననే 1940లో డ్యూక్ ఎలింగ్టన్ 'కాటన్ టెయిల్'ను కట్టెను. వరుస పాతది, పాట క్రొత్తది. ముందు పరిచయము లేని వాద్యకారులు సయితము కలిసి వాయింపగలుగుట కీ యుమ్మడి బాటలే ఆధారము.

నేను గిటారు నేర్వబూనినప్పుడు ప్రతి గుత్తికిని ఆరు తీగలును మ్రోగవలెనని తలచితిని. నాలుగు వ్రేళ్లను చాచి అదిమిపట్టులోపల పాట ముందునకు పోయెడిది. వ్రేళ్లు పొక్కినవి గాని చేయి నడువలేదు. నావి పొట్టి వ్రేళ్లని విధిని నిందించితిని. పిదప జాంగో రైన్‌హార్ట్ చరిత్ర చదివి సిగ్గుపడితిని.

ఆయన 1910లో బెల్జియమున సంచారజీవులైన రొమానీ కుటుంబమున జన్మించెను. 1928లో నివాసపు బండికి నిప్పంటుకొని, ఎడమచేతి చివరి రెండు వ్రేళ్లు చెడిపోయెను. మిగిలిన రెండు వ్రేళ్లకు తగిన వాదనమును ఆయన క్రొత్తగా కల్పించుకొనెను. 1934లో పారిసున స్టెఫాన్ గ్రాపెలీతో కలిసి యేర్పరచిన బృందమున మూడు గిటారులు, ఒక ఫిడేలు, ఒక బాసు, డోలు లేదు.

రెండు వ్రేళ్లతో వరుస నడచుటెట్లు? శంకరాభరణమున చూతము. జాజ్‌లో మిక్కిలి తరచుగ వచ్చు మూడు గుత్తు లివి: రి మ ధ స, ప ని రి మ, స గ ప ని. మొదటి గుత్తిలో మ, స లను మాత్రమే పట్టుడు. స ఒక్క మెట్టు దిగి ని యగును, మ కదలదు. అదియే రెండవ గుత్తి. పిదప మ ఒక్క మెట్టు దిగి గ యగును, ని కదలదు, అదియే మూడవది. బాసు రి, ప, స లను పలుకుచుండగా తక్కిన స్వరముల లోపము చెవికి తోపదు.

కౌంట్ బేసీ బృందమున 1937లో చేరి 1987లో మరణించువరకు వాయించిన ఫ్రెడ్డీ గ్రీన్ కూడ ఆవర్తమునకు నాలుగు మీటులతో, కొలది స్వరములతోడనే, అంత పెద్ద మేళమును నడపెను.

ఆ రాత్రి నేను రెండు తీగలను మాత్రమే పట్టి మొదలిడితిని. ఆనాడు పాట నన్ను విడిచి పోలేదు.