నల్లబడిన అరటిపండు చెప్పే చరిత్ర

తొక్క నల్లబడిన అరటిపండును మీరు పారవేస్తారా? 1930లలో అమెరికా గృహిణులు అందుకు వెనుకాడారు. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం ప్రతి సెంటునూ లెక్కపెట్టించిన కాలమది. మెత్తబడిన పండును చిదిమి, మైదా, చక్కెర, గుడ్డు కలిపి ఓవెన్‌లో పెట్టారు. నేడు మన ఇళ్ళలోనూ కనిపిస్తున్న బనానా బ్రెడ్ అలా ప్రచారంలోకి వచ్చింది.

పొదుపు ఒక్కటే కారణం కాదు. ఈస్ట్‌తో పిండి పొంగడానికి గంటలు పట్టేది. 1843లో బర్మింగ్‌హామ్‌కు చెందిన రసాయన నిపుణుడు ఆల్ఫ్రెడ్ బర్డ్, ఈస్ట్ సరిపడని తన భార్య కోసం బేకింగ్ పౌడర్ తయారుచేశాడు. (ఒక ఎలర్జీ ఎంత పని చేసిందో చూడండి!) సోడా, ఆమ్లం తడిలో కలిసి బొగ్గుపులుసు వాయువును విడుదల చేస్తాయి. గుజ్జుతో బరువెక్కిన పిండి సైతం వెంటనే పొంగుతుంది. పిండి కంపెనీలు ఈ అవకాశాన్ని వదలలేదు. 1933 నాటి పిల్స్‌బరీ వంటల పుస్తకంలోనే బనానా బ్రెడ్ చోటు చేసుకున్నది.

చిక్కంతా ఆ పేరులోనే ఉన్నది. "పండే కదా, బ్రెడ్డే కదా డాక్టరుగారూ" అన్న మధుమేహ రోగులను నేను ఎందరినో చూశాను. నిజానికి అది కేకు. పచ్చికాయ గుజ్జులో సుమారు 20 శాతం ఉండే పిండిపదార్థం, పండు బాగా మాగేసరికి చాలావరకు చక్కెరగా మారిపోతుంది. దానిపై మనం మరో కప్పు చక్కెర పోస్తాము! ఇంట్లో చేసుకుంటే ఆ కప్పును సగానికి తగ్గించండి. రంగు కాస్త తగ్గవచ్చు, తీపికి మాత్రం లోటుండదు.