చద్దిమూట – తేలియా రుమాలు

“పెద్దలమాట చద్దిమూట” యను సామెత యొక గుడ్డను స్మరింపజేయుచున్నది. పల్లెలలో భుజముపైని తుండుగుడ్డయే అవసరమును బట్టి తలపాగాయు, మూటగుడ్డయు నయ్యెడిది.

జపానీయుల మూటగుడ్డకు ఫురోషికి యని పేరు. ‘ఫురో’ యనగా స్నానము, ‘షికి’ యనగా పఱచునది. స్నానశాలను వీడి బజారునకు వచ్చినను ఆ గుడ్డకు పాతపేరే నిలిచినది. మన తేలియా రుమాలు చరిత్రయు నిట్టిదే. పారసీకమున ‘రుమాలు’ ముఖము తుడుచునది. వాడుకలో నది తలపాగాయు లుంగీయు నయ్యెను. చీరాల, పుట్టపాక నేతగాండ్రు నూలును నూనెతోను, ఆముదపుకాయల బూడిదనీటితోను పలుమార్లు మర్దించి, పడుగును పేకను గూడ ముందే ముడిగట్టి రంగులద్ది నేసిరి. ఎఱుపు, నలుపు, తెలుపు దాని ప్రధానవర్ణములు. అరబ్బుదేశములకును అది ఎగుమతి యయ్యెను.

పుట్టపాక తేలియా రుమాలునకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించినది. నేడా నేత చీరలకును దుపట్టాలకును మరలినది. నేతకు రక్షణ దొరకినది, వాడుకకు దొరకలేదు. సామెత నిలిచియున్నను మూటగట్టు తీరులు, ముడుల పేర్లు మఱుగుపడుచున్నవి. వాని నెఱిగిన వృద్ధులుండగనే పరిశోధకవిద్యార్థులు సేకరింపవలెను.