మార్కాపురం పలక నుంచి ఫోన్‌లో డార్క్ మోడ్ దాకా

డార్క్ మోడ్ అంటే 2019లో పుట్టిన ఫ్యాషన్ అనుకుంటాం. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 13 ఫోన్ మొత్తానికీ డార్క్ థీమ్ ఇచ్చింది ఆ ఏడాదే, నిజమే. కానీ నలుపు మీద తెల్ల అక్షరాలు మన తాతలకి కొత్తేం కాదు. వాళ్లు అ ఆలు దిద్దిందే పలక మీద! ఆ పలకలకి పేరుమోసిన ఊరు మన ప్రకాశం వైపు మార్కాపురం. గనిలో రాయి తీసి, పలచగా చీల్చి, చెక్క ఫ్రేమ్ బిగించి ఎక్కడెక్కడికో పంపేవాళ్లు.

అయితే పలకకి సొంత వెలుగు లేదు. మీద పడిన వెలుగునే తిప్పి పంపుతుంది. స్క్రీన్ తన వెలుగు తనే పుట్టించాలి, దానికి కరెంటు కావాలి. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

1981లో వచ్చిన ఐబీఎం పీసీ మానిటర్‌లో నల్ల తెర, ఆకుపచ్చ అక్షరాలు. పిక్చర్ ట్యూబ్‌లో ఎలక్ట్రాన్ల ధార తగిలిన చోటే వెలుగుతుంది, మిగతాదంతా నలుపే. 1984లో యాపిల్ మాకింతోష్ కాగితం లాంటి తెల్ల తెరతో వచ్చింది. మెల్లగా తెలుపే మామూలైపోయింది.

తర్వాత ఎల్‌సీడీ వచ్చింది. ఇందులో వెనకాల లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. నలుపు చూపించాలంటే తలుపు వేసినట్టు ఆ వెలుగుని అడ్డుకుంటుందంతే, లోపల దీపం ఆరదు. అందుకే ఎల్‌సీడీ ఫోన్‌లో డార్క్ మోడ్ పెట్టినా బ్యాటరీ పెద్దగా మిగలదు.

లెక్క మార్చింది ఓఎల్‌ఈడీ. 1987లో కొడాక్ కంపెనీలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ దీనికి దారి వేశారు. ఇందులో ప్రతి చుక్కా విడిగా వెలుగుతుంది, అచ్చ నలుపు ఉన్న చోట ఆరిపోతుంది. మరి ఆదా ఎంత? 2021లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు కొలిచారు. బ్రైట్‌నెస్ 100 శాతం ఉంటే సగటున 39 నుంచి 47 శాతం ఆదా. మనం ఇంట్లో వాడే 30, 50 శాతం బ్రైట్‌నెస్‌లో మాత్రం 3 నుంచి 9 శాతమే!

ఇప్పుడు గుంటూరు మిర్చి యార్డుకి రండి. మార్చి ఎండ, చేతిలో ఫోన్, రేటు చూడాలి. డార్క్ మోడ్‌లో ఉంటే నల్ల తెర అద్దంలా మారి మన మొహమే కనపడుతుంది. అక్కడ తెల్ల తెరే చదవడానికి సుఖం. బ్యాటరీ అడుగంటి, ఫోన్ ఓఎల్‌ఈడీ అయితే మాత్రం నీడకి వెళ్లి డార్క్ పెట్టుకోండి, కాస్త ఎక్కువసేపు వస్తుంది.

మరి కళ్లు? చీకటి గదిలో నల్ల తెర హాయిగానే ఉంటుంది. కానీ నల్ల తెర చూసేటప్పుడు కంటిపాప పెద్దదవుతుంది, అక్షరాల అంచులు మసకబారొచ్చు. ఆస్టిగ్మాటిజం ఉన్నవాళ్లకి ఇది ఇంకా ఎక్కువ. ఫోన్ చూస్తూ రెప్ప వేయడం మర్చిపోతే కళ్లు పొడిబారతాయి, దాన్ని ఏ థీమూ ఆపలేదు. 20 నిమిషాలకోసారి, 20 అడుగుల దూరానికి, 20 సెకన్లు చూడండి. అది పైసా ఖర్చులేని మందు.

మీ ఫోన్ ఏ రకమో తెలియాలంటే, రాత్రి లైటార్పి పూర్తి నల్ల ఫోటో ఒకటి తెరవండి. తెర బూడిద రంగులో మెరిస్తే ఎల్‌సీడీ, చీకట్లో కలిసిపోతే ఓఎల్‌ఈడీ. ఈ రాత్రే చూసేయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!