స్టీమ్, ఇంజిన్, 480: గేమ్‌లోకి ప్లాట్‌ఫామ్ ఎలా దూరింది?

"స్టీమ్ ఇంజిన్" అంటే మా నాన్నకి బొగ్గు రైలు గుర్తొస్తుంది. మనకి మాత్రం స్టీమ్ అంటే పీసీ గేమ్స్ అమ్మే కొట్టు, ఇంజిన్ అంటే గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్. ఈ రెండూ ఎలా కలిశాయో ఈరోజు చూద్దాం.

ముందు నా సంగతి చెప్తా. బీటెక్ ఫైనల్ ఇయర్‌లో యూనిటీలో చిన్న గేమ్ చేశాను. అచీవ్‌మెంట్స్ కోసం కనపడిన ప్రతి స్క్రిప్ట్‌లోనూ స్టీమ్ ఫంక్షన్లు నేరుగా రాసేశాను. తర్వాత ఫ్రెండ్స్ "ఫోన్‌లో ఆడేలా చెయ్‌రా" అన్నారు. ఆ బిల్డ్‌లో స్టీమ్ లైబ్రరీ లేదు, ఎటు చూసినా ఎర్రర్లే. సెలవులన్నీ వాటిని పీకడానికే సరిపోయాయి. తప్పు నాదే. కానీ చరిత్ర చదివాక తెలిసింది, ఇందులో పెద్దవాళ్ళూ దెబ్బతిన్నారని.

2000ల మొదట్లో ఆన్‌లైన్‌లో ఆడాలంటే చాలా గేమ్స్‌కి గేమ్‌స్పై అనే సర్వీసే దిక్కు. సర్వర్ల లిస్ట్ చూపించేది అదే. 2003 సెప్టెంబర్‌లో వాల్వ్ కంపెనీ స్టీమ్ మొదలుపెట్టింది. 2004లో హాఫ్ లైఫ్ 2 డిస్క్ కొన్నవాళ్ళు కూడా స్టీమ్ పెట్టుకోవాల్సిందే అంది. జనం బాగా తిట్టుకున్నారు. 2008లో మాత్రం అసలు ఎత్తు వేసింది. అచీవ్‌మెంట్స్, మ్యాచ్‌మేకింగ్ లాంటివన్నీ స్టీమ్‌వర్క్స్ పేరుతో బయటి డెవలపర్లకి ఫ్రీగా ఇచ్చింది.

2014 మే 31న గేమ్‌స్పై మూతపడింది. బోర్డర్‌ల్యాండ్స్ స్టీమ్‌వర్క్స్‌కి మారి బతికింది. బ్యాటిల్‌ఫీల్డ్ 2కి మాత్రం ఆ ఏడాదే అధికారిక ఆన్‌లైన్ ఆట ఆగిపోయింది. డబ్బులు పెట్టి కొన్న గేమ్ ఇంట్లోనే ఉంది, అవతల సర్వీసే లేదు!

అందుకే ఇంజిన్లు మధ్యలో ఒక గోడ కట్టడం చాలా ముఖ్యం. అన్‌రియల్‌లో దాని పేరు ఆన్‌లైన్ సబ్‌సిస్టమ్. గేమ్ "సెషన్ వెతుకు" అని మాత్రమే అడుగుతుంది. వెతికేది స్టీమా, ఇంకొకరా అన్నది గేమ్‌కి అనవసరం. యూనిటీలో రాసేది సీ షార్ప్, స్టీమ్ లైబ్రరీ ఏమో సీ ప్లస్ ప్లస్. మధ్యలో దుబాసీలా స్టీమ్‌వర్క్స్ డాట్ నెట్ ఉంటుంది. గోడో ఓపెన్ సోర్స్, స్టీమ్ లైబ్రరీ కాదు. అందుకని గోడోస్టీమ్ అనే ప్రాజెక్ట్ విడిగా నడుస్తోంది.

కొత్తవాళ్ళు తడబడే చోటు ఒకటుంది. స్టీమ్‌ని అడిగిన వెంటనే జవాబు రాదు. టిఫిన్ సెంటర్‌లో టోకెన్ తీసుకున్నాక నంబర్ పిలుస్తున్నారేమో చెవి వేసి ఉంచాలి కదా, అలా అన్నమాట. అందుకే రన్ కాల్‌బ్యాక్స్ అనే ఫంక్షన్‌ని గేమ్ నడుస్తున్నంతసేపూ పిలుస్తూనే ఉండాలి. అది మర్చిపోతే దోసె రెడీ అయినా మీ టేబుల్‌కి రాదు.

సొంత యాప్ ఐడీ లేకపోయినా 480 పెట్టి టెస్ట్ చేసుకోవచ్చు. అది స్పేస్‌వార్ అనే వాల్వ్ వాళ్ళ శాంపిల్ గేమ్ నంబర్. ఫ్రెండ్స్ లిస్ట్‌లో ఎవరైనా "స్పేస్‌వార్" ఆడుతున్నట్టు కనిపిస్తే, బహుశా ఎక్కడో ఒక గేమ్ పుడుతోందన్నమాట!

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. స్టీమ్‌తో మాట్లాడే కోడంతా ఒక్క ఫైల్‌లోనే ఉంచండి. మిగతా గేమ్ ఆ ఫైల్‌నే అడగాలి. స్టీమ్ లేకపోయినా గేమ్ తెరుచుకోవాలి. నా సెలవులు ఎలాగూ పోయాయి, మీవైనా మిగలనివ్వండి. మళ్ళీ కలుద్దాం, బై!