రవిక కింది గుండె

2004 మే నెలలో ఒక రాత్రి మా అమ్మకి దవడ లాగడం మొదలైంది. వాంతి అయింది, ఒళ్ళంతా చెమటలు. గుండెల్లో నొప్పి అని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. అప్పటికి ఆమెకి అరవై రెండేళ్ళు, పన్నెండేళ్ళుగా షుగరు. మా ఊరి నర్సింగ్‌హోమ్‌లో గ్యాస్ అన్నారు. నేను పట్టుబడితే ఈసీజీ తీశారు. తీసే కుర్రాడికి ఇరవై ఏళ్ళుంటాయేమో. "మామ్మగారూ, జాకెట్ హుక్స్ తియ్యాలి" అన్నాడు గోడవైపు చూస్తూ. అమ్మ పమిట ఇంకాస్త గట్టిగా చుట్టుకుంది. చివరికి అతను పైనుంచే చెయ్యి పోనిచ్చి, అందిన చోట రబ్బరు బుడ్డీలు అంటించాడు. కాగితం మీద నార్మల్ అని రాసిచ్చారు. నాలుగో రోజు హైదరాబాదులో ఎకో చేసిన డాక్టరమ్మ గుండె ముందు గోడ సరిగా కదలడం లేదని చెప్పింది.

తప్పంతా ఆ కుర్రాడిదేనని ఇప్పుడు అనలేను. గుండెపోటు వచ్చిన మొదటి గంటల్లో ఈసీజీ మామూలుగానే కనిపించొచ్చు. అందుకే ఒకటి తీసి వదిలెయ్యకుండా మళ్ళీ మళ్ళీ తియ్యాలి. కానీ అమ్మ సిగ్గుకీ ఆ యంత్రానికీ మధ్య ఏం జరిగిందన్న ప్రశ్న నన్ను వదల్లేదు. నేను కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. నాకు చేతనైన పద్ధతిలోనే దాన్ని వెతుక్కుంటూ పోయాను.

మొదట ఎదురైంది 1816లో పారిస్. నెకర్ ఆస్పత్రికి గుండెజబ్బు లక్షణాలతో ఒక యువతి వచ్చింది. రొమ్ముకి చెవి ఆనించి వినడం అప్పటి పద్ధతి. ఆమె వయసూ, ఆడది కావడమూ అడ్డొచ్చి, లెనెక్ అనే డాక్టరు కాగితాల్ని గొట్టంలా చుట్టి ఒక కొస ఆమె ఛాతీ మీద, రెండో కొస తన చెవికీ పెట్టుకున్నాడు. చెవి ఆనించినప్పటికంటే స్పష్టంగా వినిపించింది. తర్వాత దాన్ని చెక్కతో చేశాడు, 1819లో పుస్తకం రాశాడు. స్టెతస్కోపు పుట్టింది ఒక ఆడమనిషి సిగ్గులోంచి (లేక అతని సిగ్గులోంచో!). ఆమె పేరు మాత్రం అతను రాయలేదు.

ఈసీజీ కథ ఇంకోలా నడిచింది. హాలండులోని లైడెన్‌లో ఐంతోవెన్ 1900ల మొదటి ఏళ్ళలో తయారుచేసిన యంత్రం బరువు దాదాపు 270 కిలోలు. రోగి రెండు చేతులూ, ఎడమ కాలూ ఉప్పునీళ్ళ తొట్లలో పెట్టి కూర్చుంటే చాలు. అది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆ యంత్రం ముందు మా అమ్మ హాయిగా కూర్చునేది, ఒక్క హుక్కూ తియ్యక్కర్లేదు! ఛాతీ మీద తీగలు పెట్టడం 1930లలో వచ్చింది. 1938లో అమెరికా, బ్రిటన్ గుండెజబ్బుల సంఘాలు వాటి చోట్లు ఖాయం చేశాయి. నాలుగోది అయిదో పక్కటెముక సందులో, మెడ ఎముక మధ్యనుంచి గీత గీస్తే తగిలే చోట పెట్టాలి. ఆడవాళ్ళలో సరిగ్గా అక్కడే రొమ్ముంటుంది. నేను తిరగేసిన పాఠ్యపుస్తకాల్లోని బొమ్మల్లో ఛాతీ మగవాడిదే. ఎముకలు లెక్కపెట్టడం నేర్పారు గానీ, మధ్యలో ఏది అడ్డొస్తుందో, దాన్ని ఎలా అడిగి పక్కకి జరపాలో ఆ బొమ్మలు చెప్పవు. తీగ ఒక సందు పైకి జరిగితే, ఉన్న జబ్బు కనపడకపోవచ్చు, లేనిది కనపడనూవచ్చు.

ఆడవాళ్ళ గురించి అసలు ఎవరికీ తెలీదని చెప్పడం సులువే గానీ, అది నిజం కాదు. ఫ్రామింగ్‌హామ్ అనే అమెరికా ఊళ్ళో 1948లో మొదలైన అధ్యయనంలో 5,209 మంది ఉంటే, అందులో సగం కంటే ఎక్కువమంది ఆడవాళ్ళే. షుగరు ఆడవాళ్ళ గుండెకి మగవాళ్ళకంటే ఎక్కువ ప్రమాదమని 1979లో తేల్చింది ఆ అధ్యయనమే. షుగరు నరాల్ని దెబ్బతీస్తే గుండెనొప్పి మామూలుగా తెలియకపోవచ్చు కూడా. అయినా 1982లో ఫలితాలొచ్చిన పెద్ద పరిశోధనలో 12,866 మందీ మగవాళ్ళే. గుండెపోటుకి ఆస్పిరిన్ పనికొస్తుందా అని చూసిన 22,071 మంది డాక్టర్లూ మగవాళ్ళే. అంటే తెలిసి కూడా పక్కన పెట్టారు. నాకు కోపం వచ్చింది ఇక్కడే.

1991లో బెర్నాడిన్ హీలీ అనే గుండె డాక్టరు దీనికి పేరు పెట్టింది, యెంటెల్ సిండ్రోమ్ అని. యెంటెల్ సింగర్ కథలో చదువుకోసం మగవేషం వేసిన యూదుల అమ్మాయి. ఆడవాళ్ళకి వైద్యం అందాలంటే తమ గుండె కూడా మగవాడి గుండెలాగే జబ్బుపడిందని రుజువు చేసుకోవాలన్నది హీలీ మాట. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ పరీక్షకి ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేర్వేరు హద్దులుండాలని ఇప్పుడంటున్నారు. అలాంటి ఒక పరీక్షలో మగవాళ్ళకి లీటరుకి 34 నానోగ్రాములైతే ఆడవాళ్ళకి 16. ఒకే హద్దు పెట్టినప్పుడు ఆ మధ్యలో మిగిలిపోయిన ఆడవాళ్ళంతా నార్మలే కదా!

మన దగ్గర ఇంకో దారి కూడా ఉండింది. డాక్టర్ పద్మావతి 1950లలో ఢిల్లీలోని లేడీ హార్డింజ్‌లో, అంటే ఆడపిల్లల వైద్య కళాశాలలో, గుండెజబ్బుల క్లినిక్కూ, గుండెలోకి గొట్టం పంపి చూసే లాబొరేటరీ పెట్టింది. ఆమెకి చదువు చెప్పినవాళ్ళలో హెలెన్ టౌసిగ్ ఒకరు. టౌసిగ్‌కి వినికిడి పోతే, పిల్లల గుండెల్ని అరచేతుల్తో తాకి తెలుసుకునేది. ఆడవాళ్ళ చేతుల్లో మొదలైన ఆ విద్య మా ఊరి నర్సింగ్‌హోమ్ దాకా రావడానికి యాభై ఏళ్ళు కూడా చాలలేదు.

హైదరాబాదు ఆస్పత్రిలో ఈసీజీ తీసింది నడివయసు ఆవిడ. తెర లాగింది. "అమ్మా, చెయ్యి చల్లగా ఉంటుంది, ఏమనుకోకు" అంటూ మెడ కింద ఎముక పట్టుకుని ఒక్కోటీ లెక్కపెట్టుకుంటూ దిగింది. అరచెయ్యి కాకుండా చేతి వెనకభాగంతో రొమ్ముని పైకెత్తి కింద తీగ అంటించింది. అయిదు నిమిషాల పని. బయటికొచ్చాక అమ్మ, "ఆ పిల్ల మొన్న అక్కడుంటే తీయించుకునేదాన్నే" అంది.

అమ్మ మరో పదకొండేళ్ళు బతికింది. ఆ రెండు ఈసీజీలూ ఒకే ఫైల్లో ఉన్నాయి. రెండోదాన్ని అప్పుడే జిరాక్స్ తీయించాను. మొదటిది వేడికి నల్లబడే కాగితం, కొన్నేళ్ళకే గీతలు వెలిసిపోయాయి. పైన బాల్‌పెన్నుతో రాసిన నార్మల్ అన్న మాట మాత్రం అలాగే ఉంది.