సోవియట్ పాలన, నెనెట్స్‌ల రెయిన్‌డీర్ పెంపకం

నెనెట్స్‌లు రష్యా ఉత్తర తీరాన, ముఖ్యంగా కారా సముద్రంలోకి చొచ్చుకుపోయిన యమాల్ ద్వీపకల్పంలో రెయిన్‌డీర్ మందలతో తిరిగే సంచార జాతి. చెట్టు మొలవని ఆ టండ్రాలో తిండి, బట్ట, గుడారం, ప్రయాణం అన్నిటికీ ఆధారం ఆ జంతువే. చలికాలం దక్షిణాన అడవి అంచున గడిపి, వసంతంలో మంద వెంట ఉత్తరానికి కదులుతారు. గడ్డకట్టిన ఓబ్ ఖాతం మీదుగా మందల్ని దాటించే కుటుంబాలు ఏటా రానుపోను వెయ్యి కిలోమీటర్లకు పైగా తిరుగుతాయి.

ఈ సంచారంలో సగం భారం ఆడవాళ్లది. గుడారం విప్పి స్లెడ్జి బళ్ల మీద సర్దడం, కొత్త చోట మళ్లీ నిలబెట్టడం, తోళ్లు మెత్తబరిచి దుస్తులు కుట్టడం వాళ్ల పని. మగవాళ్లు తోలుతో అల్లిన పొడవాటి తాడును, 'త్యింజ్యాన్'ను, విసిరి పరుగెత్తే జంతువు కొమ్ములకు ఉచ్చు బిగిస్తారు.

1930ల్లో సోవియట్ ప్రభుత్వపు సామూహికీకరణ టండ్రాకు చేరింది. పెద్ద మందలున్నవాళ్లను 'కులక్‌లు' (దోపిడీ చేసే ధనికులు) అన్నారు, ఆచార పూజారులైన షమాన్ల ఓటుహక్కు తీసేశారు, మందల్ని ఉమ్మడి క్షేత్రాలైన కోల్ఖోజ్‌లలో కలిపారు. నిజానికి పెద్ద మంద దోపిడీకి గుర్తు కాదు. మంచు మీద వాన పడి గడ్డకడితే, కింద ఉన్న లైకెన్ మేత అందక జంతువులు వందల్లో చనిపోతాయి. అలాంటి ఏడాది గట్టెక్కాలంటే మంద పెద్దదై ఉండాలి. వర్గపోరాట సిద్ధాంతం ఈ లెక్కను గుర్తించలేదు. 1934లో, మళ్లీ 1943లో నెనెట్స్‌లు తిరగబడ్డారు. ప్రభుత్వం ఆ తిరుగుబాట్లను అణచివేసింది.

తర్వాతి దశాబ్దాల్లో సైబీరియా అంతటా సంచారాన్ని వెనకబాటుతనంగానే చూశారు. పిల్లల్ని హాస్టల్ బడుల్లో చేర్చారు. చాలాచోట్ల తల్లులనూ ఊళ్లలో స్థిరపరచి, మంద దగ్గర జీతానికి పనిచేసే మగవాళ్ల బ్రిగేడ్లను మాత్రమే ఉంచారు. అన్నిటికన్నా లోతైన దెబ్బ ఇదే: కుటుంబం లేని టండ్రాలో కొత్త తరానికి పని నేర్పేవాళ్లు కరువయ్యారు. యమాల్‌లో మాత్రం చాలా కుటుంబాలు కలిసే తిరిగాయి. సర్కారు మందల పక్కనే సొంత జంతువుల్నీ కాపాడుకున్నాయి.

ఆ తేడా సోవియట్ యూనియన్ కూలాక తేలింది. దాదాపు పూర్తిగా ప్రభుత్వ క్షేత్రాల మీద ఆధారపడిన, రష్యా తూర్పు కొసన ఉన్న చుకోత్కాలో దాదాపు 5 లక్షలున్న రెయిన్‌డీర్లు పదేళ్లలో లక్ష లోపుకు పడిపోయాయి. యమాల్ మందలు మాత్రం పెరిగాయి.

అయితే 2012లో యమాల్‌లోని బొవనెంకొవొ క్షేత్రం నుంచి గ్యాస్ సరఫరా మొదలైంది. పైపులైన్లు, రైలుమార్గం మేతదారులకు అడ్డుపడ్డాయి. అంతకుముందే, 2007లో, రెయిన్‌డీర్లకు ఆంత్రాక్స్ టీకాలు ఆపేశారు. 2016 వేసవిలో ఆ వ్యాధి 2,000కు పైగా రెయిన్‌డీర్లను, ఒక పన్నెండేళ్ల బాలుణ్ని బలిగొంది. టీకాలు మళ్లీ మొదలుపెట్టిన అధికారులు, మందల సంఖ్య తగ్గించాలని కూడా పట్టుబట్టారు.