టికెట్ లేని ప్రయాణికుడి నియ్యత్: రెండు రైల్వే కానూన్ల కథ

ఇంగ్లాండులో చదువుతున్న మా నాగోల్ కుర్రాడొకడికి అక్కడి రైలు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. చేతిలో ఉన్న టికెట్ ఆ వేళ రైలుకు చెల్లదని ఒక ఇన్‌స్పెక్టర్ అతని పేరు, చిరునామా రాసుకుని పోయాడట. కొన్ని వారాల తర్వాత "మీ మీద కోర్టులో కేసు వేసే విషయం ఆలోచిస్తున్నాం, మీరు చెప్పుకునేది ఉంటే చెప్పండి" అని కాగితం. కుర్రాడి అబ్బా ఆ కాగితం ప్రింటు తీయించుకుని నా దగ్గరికి వచ్చారు. "భాయ్‌సాబ్, రాజీనామా రాసిస్తే మామలా ఖతం కాదా?" అని అడిగారు. పక్కనే కూర్చున్న తెలుగు మాస్టారు కంగారుపడ్డారు. "అంత మాత్రానికి చదువుకు రాజీనామా ఎందుకండీ?" అన్నారు.

ఇద్దరూ తప్పు మాట్లాడలేదు. ఉర్దూలో రాజీనామా అంటే రాజీ కాగితం, రెండు పక్షాలూ సమ్మతించి రాసుకునే సులహ్‌నామా. ఉద్యోగం వదులుకోవడాన్ని ఉర్దూలో ఇస్తీఫా అంటారు. తెలుగులోకి వచ్చేసరికి రాజీనామా ఉద్యోగం వదులుకునే కాగితమైపోయింది. ముద్దాయి కథ ఇంకా విచిత్రం. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. తెలుగులో ముద్దాయి అంటే బోనులో నిలబడ్డవాడు. ఫిర్యాది కాస్తా నిందితుడైపోయాడు! ఇక జరిమానా అన్న మాటలోనే జుర్మ్, అంటే నేరం, దాగి ఉంది. టికెట్ లేకుండా దొరికినవాడు కట్టే ప్రతి పైసానూ మనం జరిమానా అనే అంటాం. కానూన్ మాత్రం అలా అనదు. ఆ ఫరక్ తెలియకనే చాలామంది నష్టపోతున్నారు.

ఈ ఫరక్ ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 1889లో బ్రిటన్ పార్లమెంటు రైల్వేల క్రమబద్ధీకరణ చట్టం చేసింది. మరుసటి ఏడాదే, 1890లో, హిందూస్తాన్ కోసం ఇండియన్ రైల్వేస్ చట్టం వచ్చింది. ఒక్క ఏడాది తేడాతో పుట్టిన అన్నదమ్ములనుకోండి. ఇద్దరికీ ఒకే ఫికర్: టికెట్ లేకుండా ఎక్కినవాడిని ఏం చేయాలి?

1890 చట్టం రెండు దర్వాజాలు పెట్టింది. 112వ దఫా మోసం చేసే నియ్యత్‌తో ఎక్కినవాడికి. వాడు నేరస్తుడు, మేజిస్ట్రేట్ వంద రూపాయల దాకా జరిమానా వేయొచ్చు, చార్జీ డబ్బులు అదనం. 113వ దఫా నియ్యత్ సంగతి అడగదు. టికెట్ లేదా? చార్జీ కట్టు, పైన అదనపు రుసుము కట్టు, వెళ్లిపో. ఇది బాకీ, నేరం కాదు. అందులోనూ ఒక మెలిక ఉంది. ఎవరూ పట్టుకోకముందే తానే వచ్చి "నా దగ్గర టికెట్ లేదు" అని రైల్వే నౌకర్‌కు చెప్పుకున్నవాడికి తక్కువ రుసుము, పట్టుబడ్డాక చెప్పినవాడికి ఎక్కువ. ఇక్రార్‌కు కానూన్ అంత ఖీమత్ ఇచ్చింది.

మన హైదరాబాద్ రియాసత్‌కు రైలు 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు వచ్చింది. తర్వాత చాలాకాలం దాన్ని లండన్‌లో రిజిస్టరైన కంపెనీ నడిపింది. 1930లో నిజాం సర్కార్ దాన్ని తన చేతిలోకి తీసుకుంది. 1951లో అది భారతీయ రైల్వేల్లో కలిసిపోయింది. అంటే టికెట్ కొనని మనిషి ఎగ్గొట్టిన డబ్బు మొదట కంపెనీ వాటాదార్లది, తర్వాత రియాసత్ ఖజానాది, ఆ తర్వాత రిపబ్లిక్‌ది. మాలిక్ మారాడు, ఎగవేత మారలేదు. ఆజాదీ వచ్చిన కొత్తలో "రైలు ఇప్పుడు మనదే కదా, టికెట్ ఎందుకు?" అనేవాళ్లు తయారయ్యారు. గాంధీజీ తన ప్రార్థన సభల్లో ఈ అలవాటును గట్టిగా తప్పుబట్టారు. మనదైన రైలులో ఎగ్గొడితే మునిగేది మన ఖజానాయే కదా.

ఇంకో సంగతి. పాత అట్ట టికెట్ మీకు గుర్తుండే ఉంటుంది. దాన్ని కనిపెట్టింది థామస్ ఎడ్మండ్సన్ అనే ఇంగ్లీషు స్టేషన్ మాస్టరు, 1830లలో. దాని మీది వరుస నంబరు ప్రయాణికుడి కోసం కాదు. రోజు చివర ఎన్ని టికెట్లు అమ్ముడయ్యాయో, గుమాస్తా గల్లాలో అంత డబ్బు ఉందో లేదో సరిచూడటానికి. రైల్వే శక్ మొదట తన నౌకర్ మీదే పడింది, ప్రయాణికుడి మీద కాదు.

ఇప్పుడు మన దేశంలో నడుస్తున్నది 1989 రైల్వే చట్టం. రెండు దర్వాజాలు అలాగే ఉన్నాయి, నంబర్లు మారాయి. 137వ దఫా మోసపు నియ్యత్‌కు: ఆరు నెలల దాకా ఖైదు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ప్రత్యేక కారణం లేకుంటే జరిమానా 500కు తగ్గకూడదు. 138వ దఫా బాకీకి: చార్జీ, దానికి సమానమైన అదనపు రుసుము. ఆ రుసుము కనీసం 250 రూపాయలు ఉండాలి. ముందే అధికారం ఉన్న రైల్వే ఉద్యోగిని అడిగి, తర్వాత చార్జీ కడతానని సర్టిఫికెట్ తీసుకుని ఎక్కినవాడికి ఆ రుసుము కూడా లేదు. 139వ దఫా ప్రకారం టికెట్ లేని మనిషిని రైలు దింపొచ్చు. కానీ వెంట మగవాళ్లు లేని స్త్రీని, పిల్లలను రాత్రిపూట దింపకూడదు, ఏదో చిన్న స్టేషన్‌లో దింపకూడదు. ఇది ఇన్సానియత్ ఉన్న మాట.

బేరహమ్ మాట కూడా అదే చట్టంలో ఉంది. 138 కింద బాకీ కట్టలేకపోతే మేజిస్ట్రేట్ దాన్ని జరిమానాలా వసూలు చేయమంటాడు. అదీ కట్టలేకపోతే పది రోజుల నుంచి నెల దాకా ఖైదు వేయొచ్చు. జేబులో డబ్బున్నవాడు బాకీ దర్వాజా నుంచి బయటపడతాడు. లేని గరీబ్ అదే దర్వాజా నుంచి జైలుకు పోవచ్చు. వాడి నియ్యత్ ఏమిటని అడిగేవాడు ఉండడు.

ఇక అన్న దగ్గరికి, 1889 చట్టం దగ్గరికి వెళ్దాం. దాని 5వ దఫా చార్జీ ఎగ్గొట్టే నియ్యత్‌తో ప్రయాణించినవాడికి అప్పట్లో 40 షిల్లింగుల దాకా జరిమానా పెట్టింది. రెండోసారి దొరికితే 20 పౌండ్లు లేదా నెల ఖైదు. శిక్షలు మారాయి గానీ ఆ దఫా నేటికీ అమల్లో ఉంది. అక్కడ ముద్దయీ, ఉర్దూ అర్థంలో, రైలు కంపెనీయే. కేసు వేసేది అదే కాబట్టి మానుకునేదీ అదే. చార్జీ, ఖర్చులు కట్టించుకుని కోర్టు బయటే సులహ్ చేసుకునే రివాజు అందువల్లనే వచ్చింది. ఒప్పుకోవాలన్న జబర్దస్తీ మాత్రం కంపెనీ మీద లేదు.

కంపెనీలు కూడా హద్దు దాటాయి. బ్రిటన్‌లో చిన్న కేసులను ఒకే మేజిస్ట్రేట్ కాగితాలు చూసి, ముద్దాయి ఎదురుగా లేకుండానే తేల్చే పద్ధతి ఉంది. 1889 చట్టం కేసులను ఆ పద్ధతిలో పెట్టే ఇఖ్తియార్ రైలు కంపెనీలకు లేదు. అయినా ఏళ్లతరబడి పెట్టాయి. 2024 ఆగస్టులో అక్కడి చీఫ్ మేజిస్ట్రేట్ అవి మొదటి నుంచే చెల్లవని తీర్పు చెప్పారు. దాని పరిధిలోకి వచ్చే కేసులు సుమారు 74,000 ఉంటాయని అంచనా. నియ్యత్ నిరూపించాల్సిన నేరంలో మనిషి మొహం కూడా చూడకుండా అన్నివేల ఫైసలాలు!

మన పిల్లలకు ఇది చిన్న సంగతి కాదు. సులహ్ కుదిరి డబ్బు కడితే అది బాకీ తీర్చినట్టు. కోర్టులో తప్పు ఒప్పుకుని అంతే డబ్బు కడితే అది నేర నిర్ధారణ, రేపు వీసా అర్జీలో చెప్పుకోవాల్సిన మాట. కాబట్టి ఉత్తరాన్ని దాచిపెట్టొద్దు, గడువు దాటనివ్వొద్దు. జరిగింది జరిగినట్టు రాయాలి. చార్జీ, కంపెనీ ఖర్చులు కడతానని చెప్పి, కోర్టు బయట తేల్చుకోమని అడగాలి. ఆ కుర్రాడి అబ్బాకు నేను చెప్పింది ఇదే. చేయని మోసాన్ని మాత్రం భయపడి ఒప్పుకోకూడదు, ముందు ఒక వకీల్‌కు చూపించాలి.

ఇక్కడ మనకూ అదే లెక్క. రైల్వే మేజిస్ట్రేట్ తనిఖీలో దొరికితే "ఐదొందలు కట్టి పోదాం" అనుకుంటాం. 2017లో మెట్రో మన నాగోల్‌కూ వచ్చింది. అక్కడ గేటు తెరుచుకోకపోతే టికెట్ సరిలేదని తెలిసిపోతుంది, గల్లా దగ్గర కట్టేసి బయటికొస్తాం. మామూలు రైల్వేలో ఆ గేటు లేదు, మనిషి చేతిలో కాగితం ఉంటుంది. దాని మీద దస్తఖత్ పెట్టేముందు ఒక్క సవాల్ అడగండి: "సాబ్, ఇది ఏ దఫా? 137నా, 138నా?"